తాతయ్య యెజ్డీ: ఏం మార్చాలి, ఏం వదిలెయ్యాలి

పాత బండిని బాగుచెయ్యడం అనగానే మన బ్యాచ్‌లో చాలామందికి గుర్తొచ్చేది రీల్స్. తుప్పు పట్టిన ఇనుము ముప్పై సెకన్లలో అద్దంలా మెరిసిపోతుంది. ఆ ముప్పై సెకన్ల మధ్యలో అసలు ఏం చేస్తారు అన్నదే ఈ వ్యాసం. నేను చదివేది కంప్యూటర్ సైన్స్, కాబట్టి మెకానికల్ వాళ్లు కాస్త ఓపిక పట్టాలి. బండి మాత్రం నిజమైనదే. మాది శృంగవరపుకోట. మా పెరట్లో రేకుల కింద చాలా ఏళ్లుగా కదలకుండా ఉండిపోయిన యెజ్డీ 250 అది. తాతయ్య 1974లో కొన్నారు.

ముందు దాని పుట్టుక. 1929లో ప్రాగ్‌లో యానెచెక్ అనే ఆయన, వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటార్‌సైకిల్ డిజైన్ కొని తయారీ మొదలుపెట్టాడు. రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే జావా. మన దేశంలో 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ వీటిని తయారుచేసింది. 1973 నుంచి యెజ్డీ అనే పేరు పెట్టింది. ఇరాన్‌లోని యజ్ద్ నగరం పేరు మీద వచ్చిన మాట అది, ఎందుకంటే ఫ్యాక్టరీ పెట్టింది పార్సీలు. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు షోరూముల్లో కనిపించే జావా, యెజ్డీలు వేరే కంపెనీ తెచ్చిన కొత్త బళ్లు, వాటి స్పేర్లు దీనికి పనికిరావు.

మా ఆర్‌సీ పుస్తకంలో జిల్లా విశాఖపట్నం అని ఉంటుంది. విజయనగరం జిల్లా 1979లో కదా ఏర్పడింది! ఆ లెక్కన బండి మా జిల్లా కంటే పెద్దది.

దీన్ని అమ్మేద్దామని చిన్నాన్న అన్నారు. కొనడానికి వచ్చినాయన మొత్తం విప్పి, ఫ్రేము కోసి, ఈ కాలం స్టైల్లో మార్చుకుంటానని చెప్పాడు. తాతయ్య ఏమీ మాట్లాడలేదు, లేచి లోపలికి వెళ్లిపోయారు. చివరికి మా ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. దసరా లోపు స్టార్ట్ అయితే బండి ఉంటుంది, లేకపోతే పోతుంది. నాకు దొరికింది సెమిస్టర్ సెలవులు, ఆదివారాలు.

మొదటి పాఠం: ఇంజిన్ విప్పొద్దు. ప్రోగ్రాం రన్ అవ్వకపోతే కోడ్ అంతా చెరిపేసి మళ్లీ రాస్తామా? ఇదీ అంతే. ఇంజిన్ తిరగడానికి కావాల్సినవి మూడే: బిగువు, నిప్పు, పెట్రోలు. బిగువు అంటే కంప్రెషన్. ఏళ్లపాటు ఆగిన బండిలో పిస్టన్ సిలిండర్‌కి అతుక్కుపోయి ఉండొచ్చు. అందుకని కిక్ మీదకి ఎక్కి తొక్కెయ్యకూడదు. స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలో కొంచెం డీజిలు, ఇంజిన్ ఆయిలు కలిపి పోసి, నాలుగు రోజులు అలా వదిలెయ్యాలి. తర్వాత చేత్తో మెల్లగా కిక్ నొక్కితే కదులుతుంది. మాది ఆరో రోజు కదిలింది.

అన్నట్టు, ఈ బండికి కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. ఎడమవైపు ఉంటుంది. స్టార్ట్ చేశాక దాన్నే ముందుకి మడిస్తే గేర్ లివర్ అయిపోతుంది. గేర్ నొక్కితే క్లచ్ దానంతట అదే విడిపోతుంది కూడా. మా ఫ్రెండ్ ఒకడు కుడివైపంతా వెతికి, 'కిక్ ఊడిపోయిందిరా' అన్నాడు!

నిప్పు సంగతి. ఇందులో చిప్పు లేదు. ఇంజిన్ తిరిగే కొద్దీ రెండు చిన్న లోహపు ముక్కలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. వాటినే పాయింట్లు అంటారు. విడిపోయిన ప్రతిసారీ కాయిల్లో ఎక్కువ వోల్టేజి పుట్టి ప్లగ్ దగ్గర నిప్పురవ్వ ఎగురుతుంది. ఏళ్లు గడిస్తే పాయింట్ల మీద పొర కడుతుంది. సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, మధ్య ఖాళీ సుమారు 0.4 మిల్లీమీటర్లు పెట్టాలి. పక్కనే ఉండే కండెన్సర్‌ని మాత్రం మార్చెయ్యడమే మంచిది, పాతది ఎప్పుడు చేతులెత్తేస్తుందో చెప్పలేం. బ్యాటరీ 6 వోల్టులది. ఇంట్లో ఉన్న 12 వోల్టులది తగిలించారో, బల్బులు గోవిందా. నిప్పు చూడాలంటే ప్లగ్‌ని ఇంజిన్ ఒంటికి ఆనించి కిక్ కొట్టాలి. నీలంగా పడితే మంచిది, పసుపుగా నీరసంగా పడితే ఇంకా పని ఉంది. ఈ పరీక్ష చేసేటప్పుడు చుట్టుపక్కల పెట్రోలు వాసన కూడా ఉండకూడదు.

ట్యాంకు లోపలి తుప్పుకి వంటింట్లోనే మందు ఉంది. నిమ్మ ఉప్పు. గోరువెచ్చని నీళ్లలో కలిపి నింపి, ఒక రాత్రి ఉంచి, పారబోసి, వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. ఆరాక లోపల కొంచెం ఆయిల్ తిప్పాలి, లేకపోతే మా వైపు వానలకి రెండు రోజుల్లో మళ్లీ ఎర్రబడుతుంది. మా మామ్మ పులిహోర కోసం దాచిన నిమ్మ ఉప్పు డబ్బా అయిపోయింది, అది వేరే గొడవ.

మూడూ సరిచేశాక బండి పట్టుకుంది. రెండు నిమిషాలు తిరిగి, తెల్లటి పొగ కక్కి, ఆగిపోయింది. మళ్లీ కొడితే మళ్లీ అంతే. ఇక్కడే నాకు అసలు చదువు మొదలైంది.

మా ఊళ్లో పాత మెకానిక్ ఒకాయన వచ్చి, పొగ వాసన చూసి, నవ్వారు. 'ఇంజినుకి ఊపిరి కారిపోతంది బావూ. సైకిలు పంపులో వాసరు పోతే గాలెక్కుద్దేటి?' అన్నారు.

ఆ ఒక్క మాటలో టూ స్ట్రోక్ ఇంజిన్ మొత్తం ఉంది. ఈ ఇంజిన్‌కి మన బళ్లలో ఉండే వాల్వులు ఉండవు. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు దాని కింద, క్రాంక్ తిరిగే గదిలో గాలి పలచబడి, కార్బ్యురేటర్ నుంచి పెట్రోలు గాలి లోపలికి వస్తుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఆ గాలి నలిగి, పక్క దారుల్లోంచి పైకి ఎగదన్నుతుంది. అంటే కింది గది అచ్చం పంపే. ఆ గది బిగుతుగా ఉండాలంటే క్రాంక్ రెండు కొసల దగ్గరా రబ్బరు సీళ్లు గట్టిగా పట్టుకోవాలి. బండి తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది, ఎండి బిరుసెక్కుతుంది. ఎడమ సీలు పోతే పక్కనున్న క్లచ్ గదిలోని ఆయిలుని పీల్చేసుకుంటుంది, తెల్ల పొగ అదే. కుడివైపు డైనమో పక్కది పోతే బయటి గాలి దూరి, పెట్రోలు పాలు తగ్గి, ఇంజిన్ వేడెక్కిపోతుంది. పైన పిస్టన్ రింగులు ఎంత బాగున్నా లాభం లేదు.

సీళ్లు విశాఖలో దొరికాయి, ధర తక్కువే. వెయ్యడానికి మాత్రం ప్రత్యేకమైన పుల్లర్లు కావాలి, కాబట్టి ఆ పని మెకానిక్ గారికే వదిలేశాను. అన్నీ మనమే చెయ్యాలన్న పట్టుదల అనవసరం. తర్వాత పెట్రోల్లో తాతయ్య చెప్పినట్టే లీటరుకి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలిపాం. రెండో కిక్‌కి పట్టుకుంది, ఆగలేదు. ఒక్క సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు, రెండింటి నుంచీ నీలం పొగ. తాతయ్య వసారాలోంచే, 'చోక్ మూసెయ్‌రా' అన్నారు. చూడకుండానే!

దసరాకి ఇంకా పదకొండు రోజులుంది. బండి ఉండిపోయింది, చిన్నాన్న మాట తప్పలేదు. కానీ ఇప్పుడు రంగు గొడవ. కొత్త పెయింట్ వేయిద్దామని ఆయన, వద్దని నేను. టైర్లు, బ్రేకు షూలు, కేబుళ్లు, వైరింగ్ వీటిలో పాతదనం పనికిరాదు, ప్రాణం సంగతి. అవన్నీ కొత్తవే వేశాం. ట్యాంకు మీద తాతయ్య మోకాళ్లు రుద్దుకుని అరిగిన రెండు మచ్చలున్నాయి. అవి ఎవరికి అడ్డం? సబ్బు నీళ్లతో కడిగి మైనం పట్టించాను. ఇంకోటి, ఫ్రేముని గ్రైండర్‌తో రుద్దినా, మందంగా పౌడర్ కోటింగ్ చేసినా ఛాసిస్ నంబరు చెదిరిపోవచ్చు, పూడిపోవచ్చు. ఆ నంబరూ ఇంజిన్ నంబరూ ఆర్‌సీతో కలవకపోతే బండి ఎంత మెరిసినా కాగితాల్లో అది మన బండి కాదు. పని మొదలుపెట్టక ముందే రెండు నంబర్లూ ఫోటో తీసుకోండి.

చట్టం కూడా అసలు రూపం వైపే ఉంది. 2021లో కేంద్రం మోటారు వాహనాల నియమాల్లో వింటేజ్ వాహనాల గురించి చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్‌లో గానీ ఇంజిన్‌లో గానీ మార్పులు చేసి ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేస్తే 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. ముందే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. మెలిక ఏంటంటే, అలా నమోదైన బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే. మాది 50 దాటింది, అర్హత ఉంది. కానీ తాతయ్యకి ర్యాలీలతో పని లేదు. వెనక కూర్చుని బొడ్డవర మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కాలని ఆయన కోరిక, శివరాత్రికి పుణ్యగిరి కూడా వెళ్లాలట. అందుకే మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. అది అయ్యేదాకా బండి పెరట్లోనే తిరుగుతుంది.

ఒక్క స్పీడోమీటర్ కేబుల్ మాత్రం ఇంకా దొరకలేదు. మీ ఊళ్లో పాత స్పేర్ల కొట్టు ఉంటే ఒకసారి అడిగి, క్లబ్ గ్రూపులో చెప్పండి.