తోటలో వాలిన పెంపుడు పావురము

పులివెందుల చీనీతోటలలోను, ప్రొద్దుటూరు ప్రాంతపు కాలువక్రింది వరిమళ్ల గట్లమీదను, జమ్మలమడుగు నల్లరేగడి శనగచేలలోను అప్పుడప్పుడు ఒంటిపావురమొకటి ఎక్కడనుండియో వచ్చి వాలి, మనిషి సమీపించినను లేచిపోక, బావిగట్టుననో పశువుల కొట్టము చూరుననో నిలిచియుండుట రైతులు చూచియే యుందురు. అట్టి పక్షిని కొందరు పట్టి కూర వండుకొందురు. కొందరు తమ కోళ్లగూటిలో వేసి మూయుదురు. కాలికి ఉంగరమున్నచో గూఢచారి పక్షియని బెదరువారును, కపోతము ఇల్లు చొచ్చుట అశుభమని శాంతి చేయించువారును కలరు. ఈ నాలుగింటిలో కోళ్లగూటిలో వేయుటయే రైతునకు మిక్కిలి నష్టము తెచ్చునది. దానిని గూర్చి క్రింద వివరింతుము.

వచ్చినది ఊరిపావురమా, పెంపుడు పావురమా యని మొదట తెలిసికొనవలయును. గుళ్లలోను, పాడుబావులలోను గూళ్లు పెట్టుకొను పావురము బూడిదవన్నె కలిగి, రెక్కపై రెండు నల్లని చారలతో నుండును. అది గుంపుతో వచ్చును. పదిగజముల దూరమున మనిషి అలికిడి కాగానే ఎగిరిపోవును. తెల్లనిది, ఎర్రనిది, మచ్చలది, తోక విసనకఱ్ఱవలె విప్పు లక్కాపావురము, ఆకాశమున పల్టీలు కొట్టు జాతి, ఇవన్నియు పెంపుడువే. చిక్కెల్ల ఇల్లు చేరు జాతి యగు హోమరు పావురముతోనే. దాని వన్నె పలుమారు ఊరిపావురమువలెనే యుండును. కావున వన్నె చూచి నిర్ణయింపక, కాళ్లు చూడవలయును. పిల్ల పుట్టిన వారము దినముల ప్రాయమున, వ్రేళ్లు ఇంకను లేతగా నున్నప్పుడు, అతుకులేని ఉంగరమొకటి కాలికి తొడుగుదురు. పాదము పెరిగినపిదప అది ఊడిరాదు. దానిపై సంవత్సరము, వరుససంఖ్య, సంఘపు గుర్తు చెక్కబడియుండును. ఉంగరమున్న పావురమునకు యజమానుడున్నాడనుట నిశ్చయము.

అది ఇంతదూర మేల వచ్చినదని యడుగుదురేమో. చెన్నపట్టణమునను బెంగుళూరునను హోమరు పావురముల పందెములు నడపు సంఘములు కలవు. పక్షులను దూరదేశమునకు బండ్లపై తీసికొనిపోయి విడిచిపెట్టుదురు. ఏది ముందుగా తన గూడు చేరునో దానిది గెలుపు. ప్రొద్దుటూరునుండి ఆ రెండు నగరములకును ఆకాశమార్గమున దూరము 220 మొదలు 270 కిలోమీటర్ల లోపుననే. గంటకు 60 మొదలు 80 కిలోమీటర్లు పోగల పక్షికి ఇది సుమారు మూడు మొదలు నాలుగున్నర గంటల పయనము మాత్రమే. సూర్యుని గతిని, భూమియొక్క అయస్కాంత శక్తిని, గాలిలోని వాసనలను ఆధారము చేసికొని అది దారి తెలిసికొనునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. అయినను డేగ తరిమినను, ఎదురుగాలి వీచినను, మన సీమ వేసవి యెండకు నీరు దొరకకున్నను అది త్రోవ విడిచి దిగును. ఇంకను అనుభవము లేని ఏడాదిలోపు పక్షులే ఎక్కువగా తప్పిపోవుచుండును.

పావురము మన సీమకు క్రొత్త కాదు. జమ్మలమడుగు సమీపమున పెన్నయొడ్డున నున్న గండికోటలో, జాలకపు గవాక్షములు గల పావురాల గోపురమను కట్టడము నేటికిని నిలిచియున్నది. మన పొరుగు రాష్ట్రమగు ఒరిస్సాలో, కోరాపుట్టు మన్యమున 1946లో సైన్యమువారిచ్చిన పావురములతో పోలీసుశాఖ వార్తల టపా నారంభించి, తంతి తెగినచోట్లకును వరదలు ముంచిన యూళ్లకును దానిచే చాలకాలము పని తీసికొన్నది.

ఇక చేయవలసిన పనికి వత్తము. వాలిన పక్షిని వెంటనే తరుముటయు పట్టుటయు రెండును తగవు. ఒక గంటసేపు దూరమునుండి కనిపెట్టవలయును. పలువురకు గింజలు పెట్టవలెనని తోచును. కాని దానికి ముందు కావలసినది నీరు. పావురము కోడివలె చుక్క చుక్కగా త్రాగి తల యెత్తదు. ముక్కును నీట ముంచి పీల్చి త్రాగును. కావున పలుచని మూకుడులో నీరు పోసిన చాలదు. రెండంగుళముల లోతుగల మట్టిపాత్ర పెట్టవలయును. పురుగుమందు కలిపిన డబ్బా కడిగి దానిలో నీరు పెట్టుట కంటె అసలు పెట్టకుండుటయే మేలు.

నీరు త్రాగిన యరగంటకు గింజ వేయవచ్చును. శిబి చక్రవర్తివలె తొడమాంసము కోసి యీయ నక్కరలేదు. గుప్పెడు జొన్నలు చాలును. సజ్జలు, కొర్రలు, పెసలు, ముడిబియ్యము అన్నియు పనికివచ్చును. వండిన అన్నము, రొట్టె, ఉప్పు తగిలిన తిండి పెట్టరాదు. ఇచట మనవారికి ముఖ్యముగా చెప్పవలసిన మాట యొకటి యున్నది. విత్తగా మిగిలిన శనగలో జొన్నలో ఇంటిమూల నుండుట సహజము. వానికి తెగుళ్లమందో, ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందో పట్టించియుండును. అట్టి విత్తనము పిడికెడు తిన్న పక్షి బ్రతుకుట కష్టము. రంగు పూసిన గింజను పక్షికిగాని కోడికిగాని వేయకుడు.

ప్రొద్దు క్రుంకువరకు అది ఎగిరిపోనిచో రాత్రి పిల్లినుండి కాపాడవలయును. చీకటి పడినపిదప పావురమునకు చూపు మందగించును గనుక, దీపము చూపక మెల్లగా పోయి, రెక్కలు దేహమునకు చేర్చి రెండుచేతులతో పట్టవచ్చును. గాలిరంధ్రములు చేసిన అట్టపెట్టెలోనైనను, గంపక్రిందనైనను ఉంచి, అడుగున గోనె పరచవలయును. పట్టినపిదప చేతులు సబ్బుతో కడుగుకొనుడు. రెట్టను ఎండినపిదప ఊడ్చినచో ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. నీరు చల్లి తీయుట మంచిది.

ఆ గంప కోళ్ల దాపున ఉండరాదు. కోళ్లకు వచ్చు కొక్కెర తెగులు, అనగా రాణీఖేతు వ్యాధి, పుట్టించు విషక్రిమి జాతిలోనిదే పావురములకును సోకును. ఆ పక్షి మెడ ఒకప్రక్కకు మెలితిరిగి, గింజపై పొడువబోయి గురితప్పుచుండును. పచ్చని నీళ్లరెట్ట వేయును. మాటిమాటికి నీరు త్రాగును. కొన్ని పక్షులు చూచుటకు ఆరోగ్యముగానే యుండి వ్యాధిని మోయుచుండును. తెగులు కోళ్లగూటిలో ప్రవేశించినచో మందు లేదు. గూడంతయు ఖాళీ యగుట పల్లెలలో ఎరుగనివారు లేరు. పెరటికోళ్ల గ్రుడ్లు అమ్మి ఇంటిఖర్చు గడుపుకొను స్త్రీలకు ఇది ఎంతటి నష్టమో వేరుగ చెప్పనేల? ఆ పావురమునకు పెట్టిన పాత్ర, గంప, గోనె వేరుగా ఉంచుడు. కోళ్లకు మేత వేసినపిదపనే దాని దగ్గరకు పొండు. కోడిపిల్లలకు మొదటి వారమున లసోట చుక్కలమందును, ఎనిమిదవ వారమున ఆర్-2బి టీకాను వేయించినవారికి భయము చాలవరకు తక్కువ. వేయింపనివారు ఈ నెలలోనే వేయించుట మేలు.

మెడ తిరిగినను, రెక్క వ్రేలాడినను, డేగగోరు గాయము కనబడినను ఇంటివైద్యము చేయరాదు. ప్రొద్దుటూరునందు 2008 నుండి పశువైద్య కళాశాల యున్నది. అది దూరమైనచో దగ్గరి పశువుల ఆసుపత్రియే చాలును.

ఆరోగ్యముగా నున్న పక్షికి రెండు దినముల విశ్రాంతి సరిపోవును. మూడవనాటి ఉదయమున, మబ్బు లేనప్పుడు, చెట్లు తీగెలు లేని మైదానమున గంప మూత తీయుడు. చేతితో పైకి విసరవలదు. అది ఒకటి రెండు చుట్లు తిరిగి దిక్కు నిర్ణయించుకొని పోవును. తిరిగివచ్చినచో మరల గింజ వేయకుడు. మేత మరగిన పక్షి ఇక కదలదు. పోని పక్షియైనచో ఉంగరముపై అక్షరములు సంఖ్యలు తప్పులేకుండ వ్రాసికొని, ఊరిలో పావురములు పెంచువారికి చూపిన, ఏ సంఘముదో వారు పోల్చి చెప్పగలరు. ఉంగరము లేనిదానిని కూడ ముందుగా వారికే చూపుట న్యాయము. పరుల సొత్తని తెలిసి దాచుకొనుట చట్టమునకు విరుద్ధము. హింసించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరము.

గూఢచారి భయమును గూర్చి ఒక మాట. 2023 మే నెలలో బొంబాయి రేవు దగ్గర కాళ్లకు ఉంగరములు, రెక్కలపై చీనా లిపి వంటి వ్రాత గల పావురము దొరకగా, దానిని ఎనిమిది నెలలు నిర్బంధములో ఉంచిరి. విచారింపగా అది తైవాను దేశపు పందెపు పక్షియని తేలి, 2024 జనవరి చివర విడువబడినది. పందెపు వేళను గుర్తించుటకు ఉంగరములో చిన్న మీట వంటి యంత్రము నమర్చుట ఆ క్రీడలో మామూలే. ఉంగరము కాక మరేదైన పెట్టెవంటిది కట్టియున్నచో దానిని విప్పక పోలీసుఠాణాకు తెలిపిన చాలును.

ఎంత చేసినను పక్షి చచ్చుట కలదు. అప్పుడు దానిని కాలువలోగాని పెంటదిబ్బపైగాని పారవేయక, రెండడుగుల గోయి త్రవ్వి, పైన సున్నము చల్లి పూడ్చుడు. పూడ్చుటకు ముందు ఉంగరమును కత్తిరించి తీసి ఉంచుడు. దాని యజమానుడు తన గూటితలుపు తీసియుంచి ఇంకను ఎదురు చూచుచుండవచ్చును.