ఆటవేళ పుట్టిన వైరము

కురుపాండవుల వైరము జూదపు సభలో పుట్టినదని పలువురు తలచుచుందురు. ఆదిపర్వమును శ్రద్ధతో చదివినవారికి అది ఎంతో మునుపే ఆటస్థలమున మొలకెత్తినట్లు తెలియును. పండ్లకై చెట్టెక్కిన ధార్తరాష్ట్రులను భీముడు చెట్టు కుదిపి క్రింద పడవేయుచుండెను. జలక్రీడలలో పలువురను ఒక్కమారే చేతుల బిగించి నీట ముంచి, ఊపిరాడని స్థితిలో విడుచుచుండెను. ఇది పసితనపు చేష్టయే గాని ద్రోహబుద్ధి కాదని వ్యాసమహర్షియే చెప్పియున్నాడు. కాని చెట్టుమీదినుండి పడిన బాలునకు ఆ భేదము తెలియునా? దుర్యోధనుని అసూయ లోలోపల ముదిరి ప్రమాణకోటియందు విషాన్నము వరకు పోయినది. సంగతి గ్రహించిన విదురుడు సైతము ఆపదకు వెరచి మౌనమునే ఉపదేశించెను. కృపద్రోణులు గురువులుగా వచ్చినది ఆ తరువాతనే!

తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని 15 పర్వములను తెనిగించిన నెల్లూరు సీమకు భారతకథ క్రొత్త గాదు. దానిని పిల్లలకు చెప్పు తీరే ఆలోచింపదగినది. మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె వంటి తీరగ్రామములలో బడి విడిచిన వేళకును దీపము పెట్టు వేళకును నడుమ పెక్కిండ్లలో పెద్దలుండరు. తండ్రి వేటకు పోయియుండును. తల్లి చేపలగంపతో ఊరి మీదికి పోయియుండును. అప్పుడు పిల్లలను రామమందిరపు అరుగుమీద చేర్చి శ్లోకములు, భజనలు నేర్పుట మంచి పనియే. కాని శ్లోకమును తప్పులేక వల్లించిన బాలుడు అరుగు దిగగానే తోడివానిని త్రోసినచో, విద్య నాలుకను దాటి లోనికి పోలేదన్నమాట.

కావున కథను నడుమ నిలిపి అడుగవలెను: చెట్టుమీదినుండి పడినప్పుడు దుర్యోధనునకు ఎట్లుండెను? అతడు ఎవరితో చెప్పుకొనవలసినది? భీముడు ఏమనియుండవలసినది? దుర్యోధనుడు చెడ్డవాడని ముందే తేల్చి చెప్పినచో పిల్లలకు ఆలోచించుటకు మిగులున దేమి? తరచుగా పిల్లవాడు తనలోని కలతకంతకును కోపమను ఒక్క పేరే పెట్టును. భరతముని స్థాయిభావములు 8, వ్యభిచారిభావములు 33 అని ఊరక విభజింపలేదు. శంక వేరు, విషాదము వేరు, అసూయ వేరు. మన ఇండ్లలోనే బెంగ, అలుక, ఉక్రోషము, బెరుకు అను చక్కని మాటలున్నవి. పొద్దు గ్రుంకినను తండ్రి పడవ ఒడ్డునకు రాని బాలుడు తోడివానిని కొట్టినచో అది కోపము కాక బెంగయే కావచ్చును. దండించుటకు ముందు దాని పేరు వానిచేత చెప్పింపవలెను. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తూర్పుతీరమున పిల్లలచేత బొమ్మలు వేయించి, ఆటలాడించి, లోని భయమును బయటికి రప్పించు యత్నములు జరిగినవి. అట్టి పనికి ఉప్పెన వచ్చువరకు వేచియుండ నక్కరలేదు.

ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, యంత్రపు పడవల వేటకు నిషేధము. అప్పుడు తండ్రులు ఒడ్డుననే యుండి వలలు బాగుచేసికొందురు. వారిలో ఒకరిని సాయంకాలము అరుగుమీదికి పిలిచి, నడిసంద్రమున గాలి తిరిగినప్పుడు తనకెంత భయము వేసినదో, తోడివారితో ఏమని చెప్పుకొనెనో పిల్లలకు చెప్పింపవచ్చును. ఆ పూట తగవులాడిన యిద్దరిని అదే వలకు చెరియొక కొసన కూర్చుండబెట్టి, పట్టుకొని యుండుడని చెప్పవచ్చును.