పాలిష్ మిషన్ కొనేముందు

హారికా,

నువ్వు సెకండ్‌హ్యాండ్‌లో నల్ల కారు తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. ఎండలో బానెట్ నిండా సాలెగూడు గీతలు కనిపిస్తున్నాయని, వాటిని ఇంట్లోనే తీసుకోవడానికి పాలిష్ మిషన్ కొంటానని రాశావు. కొనుక్కో, సంతోషం. అయితే ఆ మిషన్ దేన్ని అరగదీస్తుందో ముందు తెలుసుకో.

కారుకి కనిపించే నిగనిగంతా పైనున్న క్లియర్ కోట్‌దే. కంపెనీ పెయింట్‌లో ఆ పొర మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు. కింద ప్రైమరు, రంగు కలుపుకున్నా మొత్తం 100 నుంచి 150 లోపే. పాలిష్ గీతను పూడ్చదమ్మా, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను దించుతుంది. దిగింది మళ్లీ రాదు. పైగా నీది పాత బండి, ముందు ఓనరు ఎన్నిసార్లు రబ్బింగ్ కొట్టించాడో ఎవరికి తెలుసు? అందుకే నేను మిషన్‌ను జోరు చూసి ఎంచను. చెయ్యి తప్పినప్పుడు ఎంత ఓర్చుకుంటుందో చూసి ఎంచుతాను.

పెయింటింగ్ షెడ్లలో నువ్వు చూసే బఫింగ్ మిషన్ రోటరీ. ఒకే ఇరుసు మీద నిమిషానికి 600 నుంచి 3000 చుట్ల దాకా తిరుగుతుంది. నొక్కినా ఆగదు. ఒకచోట కాస్త ఎక్కువసేపు నిలిచిందంటే పెయింట్ వేడెక్కిపోతుంది. డోరు అంచులు, బానెట్ మడతల దగ్గర పొర మరీ పల్చన కదా, అక్కడ రంగు దాకా వెళ్లిపోతుంది. ప్లాస్టిక్ బంపరైతే రేకులా వేడిని లాగేసుకోదు, ఇంకా ప్రమాదం. చెయ్యి తిరిగిన పనివాడికి అది గొప్ప పనిముట్టే. మొదటిసారి పట్టేవాళ్లకు మాత్రం వద్దంటాను.

నీకు కావలసింది డీఏ, అంటే డ్యూయల్ యాక్షన్. ఇందులో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే చిన్న చిన్న సున్నాలు చుడుతుంది. గట్టిగా నొక్కినా, అంచు మీదకి వంచినా తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది. నీ క్లియర్ కోట్‌ను కాపాడేది ఆ ఆగిపోయే గుణమే. కొనగానే ప్యాడ్ అంటించే బ్యాకింగ్ ప్లేట్ అంచున మార్కర్‌తో ఒక గీత పెట్టు. పని చేస్తున్నంతసేపూ ఆ గీత తిరుగుతూ కనపడాలి. నిలిచిపోయిందంటే మిషన్‌ను వంచావనో, బరువు ఎక్కువ వేశావనో లెక్క. డీఏల్లోనే ‘ఫోర్స్‌డ్ రొటేషన్’ రకం ఒకటుంది, అది గేర్ల మీద నడుస్తుంది, నొక్కినా ఆగదు. షాపులో ఆ మాట అడిగి మరీ అది కాదని తేల్చుకో.

తర్వాత చూడాల్సింది త్రో, ఆ సున్నా ఎంత వెడల్పు అన్నది. 8, 12, 15, 21 మిల్లీమీటర్లలో వస్తాయి. పెద్ద త్రో వెడల్పాటి టాపుల మీద త్వరగా పని తెముల్చుతుంది, వంపుల మీద మాటిమాటికీ ఆగుతుంది. నీ చిన్న కారుకి 8 చాలు, మహా అయితే 12. ప్లేటు 125 మిల్లీమీటర్లది తీసుకో. స్పీడ్ డయల్ ఉండాలి. కొనేముందు ఓసారి చేత్తో ఎత్తి చూడు. డోరుకి ఆనించి గంటసేపు మొయ్యాల్సింది నువ్వే.

అమెరికా నుంచి మీ అన్న తెస్తానన్నాడట, వద్దని చెప్పు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మన 230కి నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది. ఇంట్లో ఉన్న యాంగిల్ గ్రైండర్‌కే ప్యాడ్ తగిలిస్తే సరిపోదా అని ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. అది నిమిషానికి పదివేల చుట్లు దాటుతుంది, దాన్ని బండి దరిదాపులకు రానివ్వకు.

మిషన్ కొనగా మిగిలిన డబ్బు ప్యాడ్లకు పెట్టు. ఒక్క ఫోమ్ ప్యాడ్‌తో కారంతా లాగిస్తే కాంపౌండ్, అంటే గీతలు తీసే పేస్టు, పేరుకుపోయి కోత పోతుంది, వేడి మిగులుతుంది. మెత్తనివి మూడు, కాస్త గట్టివి రెండు ఉంచుకో. నేల మీద పడిన ప్యాడ్‌ను ఉతక్కుండా మళ్లీ వాడకు, దానికంటుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు కొత్త గీతలు పెట్టడానికి.

బండిని బాగా కడిగి, అంటుకున్న మురికిని లాగే క్లే బార్‌తో రుద్ది, నీడలో పెట్టి మొదలుపెట్టు. ప్యాడ్‌ను పెయింట్‌కి ఆనించాకే స్విచ్ నొక్కు, లేకపోతే కాంపౌండ్ గోడలంతా చిమ్ముతుంది. ముందు అడుగున్నర చదరం మాత్రం మెత్తటి ప్యాడ్, సన్న పాలిష్‌తో చేసి తుడిచి టార్చి వేసి చూడు. గీతలు పోతే బండంతా దాంతోనే. పోకపోతేనే గట్టి ప్యాడ్. లోతైన గీత ఒకటీ అరా మిగిలితే మిగలనీ. గోరు తట్టుకునే గీతను పాలిష్‌తో తీయాలని చూడకు.

మొదటి రెండు మూడు ఆదివారాలు పాత సామాన్ల షాపులో దొరికే బానెట్ మీద అలవాటు చేసుకో. నల్లది దొరికితే మరీ మంచిది.

నీ పెదనాన్న