ఇంటి వైఫైకి రెండవ కంప్యూటరును చేర్చు విధము

పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో పిల్లల చదువుల నిమిత్తమై రెండవ కంప్యూటరు ప్రవేశించిన యిండ్లు నానాటికి హెచ్చుచున్నవి. అట్టి యిండ్ల రైతులు మమ్ము మొదట నడుగు ప్రశ్న యొక్కటియే: దీనికి వేరుగ మరియొక కనెక్షను తీసికొనవలయునా? అక్కరలేదు. ఉన్న కనెక్షనే రెండింటికిని చాలును. ఈ సంగతి తెలియక నెలకు రెండు బిల్లులు చెల్లించు కుటుంబములను మేమెరుగుదుము.

చెరువు క్రింది సాగును తలచుకొనిన నిది సులభముగ బోధపడును. తూము ఒక్కటి, దాని క్రింద మళ్లు అనేకము. ఏ మడికి నీరెప్పుడు పారవలెనో నీరటికాడు చూచుకొనును. ఇంటికి వచ్చిన ఇంటర్నెట్టు తీగ తూము వంటిది. దాని చివరనున్న రౌటరు నీరటికాని వంటిది. బయటి లోకమునకు మీ యిల్లంతయు సాధారణముగ నొక్క చిరునామాతోనే కనబడును. లోపలి యంత్రములకు రౌటరు తానే వేరు వేరు సంఖ్యలను పంచిపెట్టును. మొదటిదానికి 192.168.1.2 అనియు, రెండవదానికి 192.168.1.3 అనియు నీయవచ్చును. ఇవి యింటి లోపలి వాడుకకై ప్రత్యేకించిన సంఖ్యలగుటచే, జగిత్యాలలోని యింటను, దుబాయిలో మనవారుండు గదిలోను అవే సంఖ్యలున్నను చిక్కు లేదు. అయితే మడులు పెరిగినకొలది పారుదల పంచుకొనవలసినదే గదా! ఒకరు సినిమా చూచుచుండగా మరియొకరి పాఠము తడబడిన, అది కంప్యూటరు దోషము కాదు.

ముందుగ రెండవ కంప్యూటరునకు వైఫై నందుకొను సాధనము కలదో లేదో చూడవలెను. ల్యాప్‌టాపులకు లోపలనే యుండును. పాత డెస్క్‌టాపులకు తరచుగ నుండదు. అప్పుడు యూఎస్‌బీ రంధ్రమున గ్రుచ్చు చిన్న వైఫై అడాప్టరు కొన్న సరిపోవును. దానికొరకు కంప్యూటరునే మార్చుమను అంగడివాని మాట వినవలదు. పిమ్మట రౌటరు అడుగుననున్న చీటీ చూడుడు. దానిపై వైఫై పేరును, పాస్‌వర్డును అచ్చువేయబడి యుండును. ఇంతకు ముందే మార్చియున్నచో మార్చినదే పనిచేయును గాని చీటీలోనిది కాదు. విండోస్ కంప్యూటరులో తెర క్రింది కుడిమూలనున్న వైఫై గుర్తును నొక్కినచో చుట్టుపట్ల పేర్లన్నియు కనబడును. మీ పేరును ఎన్నుకొని, పాస్‌వర్డును పెద్ద, చిన్న అక్షరముల భేదము తప్పక వ్రాసి, ఇకమీదట తానే కలుపుకొనునట్లు గుర్తు పెట్టవలెను.

కొన్ని రౌటరులు రెండు పేర్లను చూపును. ఒకదాని చివర 5జి అని యుండును. ఇది మొబైలు ఫోనుల 5జి కాదు. 5 గిగాహెర్ట్‌జుల తరంగమని మాత్రమే యర్థము. ఇది వేగము గలది, కాని గోడలు దాటుట కష్టము. రెండవది 2.4 గిగాహెర్ట్‌జులది, వేగము తక్కువైనను దూరము పోవును. మన పాత పెంకుటిండ్ల మట్టిగోడలు మందమైనవి. అట్టి యింట నడిమి గది దాటి చదువుకొను గదికి చేరవలెనన్న 2.4 నే వాడుట మేలు. ఇనుప బీరువా వెనుకను, నీళ్లు నింపిన డ్రమ్ము చాటునను రౌటరు నుంచరాదు. లోహము తరంగమును త్రిప్పికొట్టును, నీరు దానిని పీల్చుకొనును. రేకుల గదిలోనికి కూడ తరంగము సరిగ చొరదు. రౌటరును ఇంటి నడుమ, నిలువెత్తున, మరుగు లేని చోట తగిలింపవలెను.

కలిసినట్లు చూపియు ఇంటర్నెట్టు రానిచో మొదటి కంప్యూటరును పరీక్షింపుడు. దానికిని రానిచో లోపము తీగలోనో రౌటరులోనో కలదు. దానికి వచ్చుచు రెండవదానికి రానిచో, ఆ వైఫైని మరచిపొమ్మని యాజ్ఞాపించి మరల చేర్చవలెను. దాని సంఖ్య 169.254తో మొదలైనచో రౌటరు నుండి సంఖ్య యందలేదని తెలియవలెను. ఎవరైన మునుపు చేతితో స్థిరమైన సంఖ్య వ్రాసియుండిన, రెండు యంత్రములకు నొకటే సంఖ్య పడి, ఒక్క మడకు రెండు గట్లు కలహించినట్లగును. సంఖ్యను తానే తీసికొనునట్లు మార్చిన తీరును. పాత కంప్యూటరులలో లోపలి బ్యాటరీ చచ్చి తేదీ వెనుకకు పోవును. అప్పుడు కనెక్షను బాగున్నను సైటులు తెరచుకొనవు. తేదీ దిద్దినంతనే పని జరుగును. దీనికొరకు మెకానిక్కుకు డబ్బు లిచ్చినవారు పలువురు కలరు.

ఇక భద్రతను గూర్చి గట్టిగ చెప్పవలసి యున్నది. భూముల వివరములు 2025 నుండి భూభారతిలో చూచుచున్నాము. అదే సంవత్సరము పత్తి యమ్మకమునకు కపాస్ కిసాన్ అను యాప్ వచ్చినది. బ్యాంకు ఖాతాయు ఈ వైఫై మీదనే నడచును. కావున రౌటరు చీటీలోని పాస్‌వర్డును మార్చి, కనీసము 12 అక్షరముల దానిని పెట్టుడు; ఇంటి పేరును, ఫోను నంబరును పెట్టరాదు. రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 గాని యై యుండవలెను. పొరుగువారికి ఇయ్యక తప్పనిచో, రౌటరులో అతిథుల కొరకు ప్రత్యేకమైన పేరు నేర్పరచి, దాని పాస్‌వర్డు నీయుడు. రెండవ కంప్యూటరు పాతదై విండోస్ 10తో నడచుచున్నచో, దాని సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవని యెరిగి, బ్యాంకు పనులు దానిపై చేయకుడు. ఒక యంత్రములో చేరిన చెరుపు అదే వైఫై మీదనున్న రెండవదానికి ప్రాకుట కలదు. ఫైళ్లు గాని ప్రింటరు గాని రెండింటికి పంచుకొననిచో, విండోస్ అడుగునప్పుడు పబ్లిక్ అను దానినే యెన్నుకొనుడు.

ఉరుములు మెరుపుల దినములలో రౌటరు కరెంటు ప్లగ్గును ఊడదీయవలెను. గాజు తీగ పిడుగును మోయదు గాని కరెంటు తీగ మోయును. రాగి తీగ కనెక్షనైనచో దానిని సైతము విడదీయుడు. పిడుగు పడు సమయమున తీగ ముట్టుట ప్రమాదకరము కావున, మబ్బు పట్టుచుండగనే ఈ పని చేయవలెను.