జ్యోతి యర్రాజి: పొడుగు కాళ్లు, మూడే అంగలు

కలువాయిలో కానిస్టేబుల్ కొలువు కోసం 1600 మీటర్లు పరుగెత్తే అభ్యర్థులకు ఈ పేరు తెలిసిందే. పరీక్షలో తడబడేది అంకెల దగ్గరే. జ్యోతి విశాఖ అమ్మాయి, తండ్రి సెక్యూరిటీ గార్డు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడింది ఆమె ఎత్తే. 100 మీటర్ల హర్డిల్స్‌లో మాత్రం ఆ ఎత్తుతోనే చిక్కు: హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య 8.5 మీటర్లు, మూడే అంగలు. కాళ్లు పొడుగైతే అంగ కుదించుకోక తప్పదు. భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ శిక్షణలో అదే సాధన చేసింది.

2022 మేలో సైప్రస్‌లో 13.23 సెకన్లు, అనురాధా బిస్వాల్ పేరిట 2002 నుంచి ఉన్న 13.38 జాతీయ రికార్డు చెరిగింది. అంతకుముందు నెలలోనే కోళికోడ్‌లో 13.09 నమోదు చేసినా, వెనుక గాలి సెకనుకు 2.1 మీటర్లు వీచడంతో (పరిమితి 2.0) లెక్కకు రాలేదు. పరీక్ష ప్రశ్నలో మెలిక పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు! 2023లో బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో స్వర్ణం, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పోటీకి దిగిన తొలి భారతీయురాలు.