కూలర్ స్టాండుకు నీళ్ల పెయింటా?

ఎండాకాలం వచ్చిందంటే జియా సరాయ్ సందుల్లో ఒక కన్ను పైకి వేసి నడవాలి. కిటికీల బయట ఇనుప స్టాండ్ల మీద కూలర్లు కారుతూ ఉంటాయి. నీళ్లు నింపిన కూలరు బరువంతా మోసేది గోడలోకి దించిన రెండు యాంగిల్ ముక్కలే. పోయిన వేసవిలో మేము రోజూ నడిచే సందులో ఒక స్టాండు పక్కకు ఒరిగింది. ఆ క్షణంలో కింద ఎవరూ లేరు. ఏడాది క్రితమే దానికి నల్లరంగు వేశారు. ఆ రంగు పెచ్చు లాగితే ఇనుము పొరలు పొరలుగా ఊడి వచ్చింది. పాత తుప్పు గీకకుండా పైన రంగు పూశారన్నమాట.

కొత్త రంగు కోసం వెళ్తే దుకాణంలో నీళ్లతో కలిపే మెటల్ ప్రైమర్ చూపించారు. మాకు నమ్మకం కుదరలేదు. ఇనుము తుప్పు పట్టాలంటే గాలీ నీరూ రెండూ కావాలని పదో తరగతి మేకుల ప్రయోగంలో చూశాం కదా, ఆ నీటినే ఇనుముకు పూయడమేమిటి?

ఈ రంగులో నీరు బండి లాంటిది. కంటికి కనిపించనంత చిన్న రెసిన్ రేణువులు అందులో తేలుతుంటాయి. నీరు ఆవిరైపోతుంటే అవి దగ్గరై, ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. టర్పెంటైన్ ఘాటు చాలా వరకు ఉండదు. గదికి గది ఆనుకుని ఉండే మా సందులకు అది చిన్న విషయం కాదు. కార్ల కర్మాగారాల్లో కూడా బాడీని నీటి ఆధారిత ప్రైమర్ తొట్టెలో ముంచి, విద్యుత్తుతో రంగు పట్టిస్తారు.

అయినా అనుమానం తీరక, గరుకు కాగితంతో మేకులు రుద్ది కొన్నింటికి గోడలకు వేసే ఎమల్షన్, కొన్నింటికి ఆ ప్రైమర్ పూశాం. ఎమల్షన్ ఆరేలోపే గోధుమరంగు చుక్కలు తేలాయి. దీన్ని ఫ్లాష్ రస్ట్ అంటారు. ప్రైమర్ పూసిన మేకులకు చుక్క రాలేదు. డబ్బా మీద చదివితే అందులో జింక్ ఫాస్ఫేట్ ఉంది. తడి తగిలినప్పుడు అది కొద్దికొద్దిగా కరిగి, ఇనుము మీద ఫాస్ఫేట్ పొర కడుతుంది.

ఈ ఫాస్ఫేట్ కథకు పెద్ద సాక్షి ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, కుతుబ్ మీనార్ ఆవరణలోనే నిలబడి ఉంది. సుమారు 1600 ఏళ్ల నాటి ఇనుప స్తంభం అది. బరువు 6 టన్నుల పైమాటే. ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం 2000లో ప్రచురించిన పరిశోధనలో కారణం వివరించారు. ఆ ఇనుములో భాస్వరం సుమారు 0.25 శాతం. నేటి ఉక్కు పెళుసెక్కకుండా సాధారణంగా 0.05 శాతం దాటనివ్వరు. వానకు తడిసి ఎండకు ఆరుతూ ఆ భాస్వరమే ఫాస్ఫేట్‌గా మారి స్తంభానికి పలుచని కవచమైంది. ఢిల్లీ పొడి గాలి కూడా సాయపడింది. కానీ నేలలో పాతిన భాగం మాత్రం తుప్పు పట్టింది.

స్తంభం గురించిన ఈ చివరి మాట చదివాకే మేము స్టాండు మొదలు చూశాం. కనిపించే భాగమంతా గీకి, కడిగి, బాగా ఆరనిచ్చి రెండు పూతలు వేశాం. పొగమంచు పట్టే జనవరిలో అయితే ఈ పని పెట్టుకోకూడదు. చలికి రేణువులు సరిగా అతుక్కోవు. గోడలోకి దిగిన చోట మాత్రం బ్రష్ అందలేదు, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయింది. ఇంటివాళ్లకు చూపించాం. రెండు యాంగిళ్లూ తీయించి కొత్తవి పెట్టించారు. ఈసారి గోడలోకి వెళ్లే కొసలకు ముందే ప్రైమర్ పూసి ఇచ్చాం.