గ్వాన్‌సిక్ కోసం ఏడ్చిన పాపకి

రామకుప్పం

పాపా,

నువ్వు పంపిన మెసేజ్ చదివినాను. దానికి ఫోన్లో రెండు ముక్కలు కొట్టి ఊరుకునేదానికి మనసు ఒప్పలేదు. అందుకే కాగితం తీసుకున్నాను. పని అయినాక, నిదానంగా కూర్చుని చదువుకో.

తాత పోయినప్పుడు నీ కంట్లో చుక్క నీళ్లు రాలేదని, ఇప్పుడు కొరియా సీరియల్లో గ్వాన్‌సిక్ చనిపోతే హాస్టల్లో దుప్పటి ముసుగేసుకుని తెల్లారేదాకా ఏడ్చినావని రాసినావు. నీది రాతి గుండెనా అని అడిగినావు. కాదు. ఆ మాట ముందు మనసులోంచి తీసెయ్. ఆ సీరియల్, "వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్", పదహారు భాగాలూ నేనూ చూసినాను. రిటైరైనాక ఇన్ని కథలు చూసినాను గానీ, దేనిమీదా ఇంత ఇష్టం పుట్టలేదు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదవలేకపోతే ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూసినాను.

కథ చూసి ఏడ్చేది మన వైపు కొత్తేమీ కాదు. కుప్పం, పలమనేరు, పుంగనూరు చుట్టుపక్కల ఊళ్లలో భారతం పెడితే పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అభిమన్యుడు పడిపోయే రాత్రి మా అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. ఆమెకి పుట్టిన బిడ్డల్లో ఇద్దరు దక్కలేదు. వాళ్ల కోసం ఇంట్లో ఏడిస్తే ఎప్పటి మాటలే అని కసురుకునేవాళ్లు. భారతం కాడ ఏడిస్తే ఎవరూ ఏమీ అనరు. ఆమె ఏడుపంతా అక్కడ తీర్చుకునేది.

నీ సంగతి అది కాదు. తాత కోసం దాచుకున్న ఏడుపు గ్వాన్‌సిక్ మీద పోసినావని నేను అనుకోను. నీకు తాత తెలీదు పాపా. నీకు బుద్ధి తెలిసేటప్పటికి ఆయన అరుగు మీద కూర్చుని దగ్గుతా, టీవీ సౌండు తగ్గించమని అరిచే ముసలాయన. గ్వాన్‌సిక్ అయితే నీకు చిన్నప్పటినుంచీ తెలుసు. తర్వాత తన పెళ్లామైన ఏసున్ కోసం చేపలు తెచ్చిచ్చే పిల్లోడుగా తెలుసు. పోతున్న ఓడ మీదనుంచి సముద్రంలోకి దూకి ఆమె కాడికి ఈదుకుంటా వచ్చిన కుర్రోడుగా తెలుసు. సంతలో ఆమె గొంతెత్తలేక పుస్తకం చదువుకుంటా ఉంటే పక్కన నిలబడి క్యాబేజీలు అమ్మిపెట్టింది చూసినావు. బిడ్డని మట్టిలో కలిపి మళ్లీ పనికి పోయింది చూసినావు. ఒక మనిషి బతుకంతా పక్కన ఉండి చూసినాక, ఆ మనిషి పోతే ఏడుపు రాకుండా ఎట్లుంటుంది?

ఆ సీరియల్ గొప్పంతా ఈ చూపించేదాంట్లోనే ఉంది. 2025 మార్చిలో వారానికి నాలుగు భాగాల చొప్పున నాలుగు వారాల్లో అయిపోయింది. మన సీరియళ్లు ఏండ్ల తరబడి నడుస్తాయి, అయినా అందులో ఒక మనిషి సంగటి ఎట్లా తింటాడో మనకి తెలీదు. అత్త కుట్ర, కోడలి కన్నీళ్లు, మళ్లీ కుట్ర. ఇక్కడ కుట్రలు చేసేవాళ్లు లేరు. ఉండేదంతా లేమి, సముద్రం, బియ్యం డబ్బా. వీళ్లుండే అద్దె ఇంటి ముసలి మొగుడూ పెళ్లాలు వీళ్ల డబ్బాలో బియ్యం అడుగంటకుండా, ఎవరూ చూడకుండా వచ్చి పోసి పోతారే, ఆ ఒక్క సంగతికి నేను ఆ రాసినవాళ్లకి చేతులెత్తి మొక్కుతాను. లిమ్ సాంగ్‌చున్ అనేది కలం పేరంట. తన గురించి ఏమీ బయటికి చెప్పుకోకుండా, జెజు దీవిలో ఒక పేద ఇంటి అరవై ఏండ్లు మనకి చెప్పిన మనిషి.

ఇంకొకటి గమనించినావా? వయసులో ఉన్న తల్లి ఏసున్, పెద్దయిన కూతురు గుమ్‌మ్యంగ్, రెండు వేషాలూ ఐయూ అనే నటే వేసింది. కూతురు తల్లి మీద విసుక్కున్నప్పుడల్లా మనకి ఒళ్లు ఝల్లుమంటుంది, ఎందుకంటే ఆ ముఖంతోనే తల్లి కవిత్వం రాయాలని, కాలేజీకి పోవాలని కలలు కనింది మనం చూసినాం. కూతురు చూడలేదు. మన నందినీరెడ్డి తీసిన "ఓ బేబీ" నీకు చిన్నప్పుడు ఎంత ఇష్టమో గుర్తుందా? 2019లో వచ్చింది. అదీ "మిస్ గ్రానీ" అనే కొరియా సినిమానుంచి తెచ్చుకున్నదే. లక్ష్మి సమంత అయిపోతే గదా ఆ ముసలామెకీ ఒకప్పుడు పాటలు పాడాలని ఉండిందని ఇంట్లోవాళ్లకి తెలిసింది.

తాత గురించి చెప్తాను. గ్వాన్‌సిక్ అంత మంచివాడు కాదు. అంత మంచి మగవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు, ఆ ఒక్క విషయంలో ఆ కథ నాకు కొంచెం అతి అనిపించింది. మా నాయనకి కోపం ఎక్కువ. అమ్మని నలుగురిలో గట్టిగా మాట్లాడేవాడు. అయితే గ్వాన్‌సిక్ ఇంట్లో మగవాళ్ల బల్ల వదిలి, అటు వీపు పెట్టి, పెళ్లాం వైపు తిరిగి కూర్చుని తింటాడే, ఆ సీను చూసినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చినాడు.

మనకి చలికాలంలో అనపకాయలు వస్తాయి గదా. గింజలు రాత్రి నానేసి, పొద్దున ఒక్కొక్కటీ రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కితే తోలు చేతిలో ఉండి పప్పు జారి చట్టిలో పడుతుంది. ఇంటిల్లిపాదికీ చాలినంత పితికేటప్పటికి వేళ్లు తెల్లగా ముడతలు పడి మంట పుడతాయి. అది ఆడవాళ్ల పని. పట్టుపురుగుల పనితో అమ్మ వేళ్లు పగిలి ఉండేవి. నాయన వీధి తలుపు వైపు వీపు పెట్టి, పొయ్యి వైపు తిరిగి కూర్చుని, చట్టి నిండేదాకా పితికేవాడు. దోవన పోయేవాళ్లు ఎవరైనా పిలిస్తే "ఉండు వస్తా" అనేవాడే గానీ తిరిగి చూసేవాడు కాదు. దాని గురించి ఆయనా మాట్లాడలేదు, అమ్మా మాట్లాడలేదు.

పట్టుపురుగుల పని నువ్వు చూడలేదు. అవి నాలుగు సార్లు కుబుసం విడుస్తాయి, దాన్నే మనవాళ్లు జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటినాక అవి తినేది తిండి కాదు. రాత్రింబగళ్లు మల్బరీ ఆకు వేస్తానే ఉండాలి. పురుగుల ఇంట్లో దీపం తగ్గించి పడుకుంటే వాన పడినట్టు శబ్దం. నాయన నడిరాత్రి లాంతరు పట్టుకుని తోటకి పోయి ఆకు మోపు తెచ్చేవాడు. గూళ్లు కట్టి, మార్కెట్టుకి పోయి, ధర పలికితేనే మాకు పుస్తకాలు. నేను మదనపల్లె బి.టి. కాలేజీలో చదివింది ఆ గూళ్ల డబ్బుతోనే.

మీ అమ్మ పదో తరగతి ముగించిన ఏడు వరసగా రెండు పంటలు పోయినాయి. రోగం తగిలి తట్టలకి తట్టలు పారబోసినాం. ఏసున్, గ్వాన్‌సిక్ కూతుర్ని జపాన్‌కి పంపేదానికి ఇల్లు అమ్మినారు. తాతకి అమ్మేదానికి ఏమీ మిగల్లేదు, ఉన్న తోట కూడా అప్పులో ఉంది. మీ అమ్మ చదువు ఆగిపోయింది. నాకన్నా చురుకైన పిల్ల. ఆమె నాయన్ని ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు, క్షమించాలని నేనూ చెప్పను. నీకు తెలియాల్సింది ఇంకొకటుంది. ఆ తర్వాత ఇంటి లెక్కలన్నీ ఆయన మీ అమ్మ చేతే రాయించినాడు. ఎన్ని కిలోల గూళ్లు, కిలో ఎంత, కూలి ఎంత, అప్పుకి ఎంత కట్టినాం, అంతా. లెక్కలు ఆయనకి నోటి మీద ఉండేవి. అయినా రాత్రి లాంతరు ముందర ఆ పిల్లని కూర్చోబెట్టి, నోటుపుస్తకం ఇచ్చి, ఒక్కొక్కటీ చెప్పి, చివర్న "ఒకసారి చదువమ్మా" అనేవాడు. ఆయన దానికేమి అనుకున్నాడో నేను చెప్పలేను. పక్కన కూర్చుని చూసినదాన్ని, అంతవరకే.

తర్వాత ఏమి చూడాలని అడిగినావు. "రిప్లై 1988" చూడు. 2015 నవంబరులో మొదలై 2016 జనవరిలో ముగిసింది, ఇరవై భాగాలు. సియోల్‌లో సాంగ్‌మున్‌డాంగ్ అనే చోట ఒక వీధి, ఐదు కుటుంబాలు. వయసులో ఉన్న గ్వాన్‌సిక్ వేషం వేసిన పార్క్ బోగమ్ అందులో మాట పెగలని బిడియస్తుడు, ఆటలో మాత్రం మొనగాడు. మొదటి భాగంలో రాత్రి అన్నం వేళకి ఒక ఇంటి గిన్నె ఇంకో ఇంటికి పోతా, చివరికి అందరి ఇళ్లలో అందరి కూరలూ ఉంటాయి. ఎవరికో హామీ సంతకం పెట్టి సగం నేలకింద ఉండే ఇంట్లో సంసారం చేసే నాయన ఒకడు, ఎప్పుడూ అక్కకీ తమ్ముడికీ మధ్య నలిగిపోయే రెండో కూతురుకి వేరే కేకు తెచ్చి వీధిలో ఇస్తాడు. తండ్రిగా ఉండడం తనకీ ఇదే మొదటిసారని ఆయన చెప్పుకునే తీరు నువ్వే విను. అట్లాగే మధురాంతకం రాజారాం కథలు నా బీరువాలో ఉన్నాయి, ఈసారి తీసుకుపో. దామల్‌చెరువులో అయ్యవారుగా పనిచేస్తా మన జిల్లా మనుషుల్ని అంత ఓపిగ్గా చూసి రాసినాడాయన.

అనపకాయలు సంతకి రావడం మొదలైంది. సంక్రాంతికి ముందే కుప్పం రైలెక్కి వచ్చెయ్. మీ అమ్మకి ఆ సీరియల్ చూపించాలి. కింద అక్షరాలు పరుగెత్తుతా ఉంటే ఆమెకి అందవు, నువ్వు పక్కన కూర్చుని తెలుగులో చెప్తా ఉండు. నేను ఇప్పటికే కొంత కథ చెప్పినాను. చేట ముందర పెట్టుకుని వింటా ఉన్నదల్లా తలెత్తి, "ఆ ఏసున్ చదువుకుందా లేదా అక్కా?" అని అడిగింది. చివరికి ఆమె కవితల పుస్తకం వచ్చే సంగతి నేను చెప్పలేదు. నీకోసం ఉంచినాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ